జాగ్రత్త: ‘బయోడీగ్రేడబుల్’ అని ముద్రించిన చెత్త సంచులు కొనే ముందు

తడి చెత్తను వేరుచేసి ఇంట్లోనే ఎరువు తయారుచేసుకునేవారికీ, దాన్ని విడిగా సేకరణకు ఇచ్చేవారికీ ఒక మనవి. ‘బయోడీగ్రేడబుల్’, ‘నూరు శాతం ప్రకృతిలో కలిసిపోతుంది’, ‘పర్యావరణ హితం’ వంటి మాటలు తప్ప మరే వివరమూ లేని చెత్త సంచులను దయచేసి కొనవద్దు. అలాంటి సంచులనే ఆన్‌లైన్‌లో ఒక విక్రేత దగ్గర, మామూలు పాలిథీన్ సంచుల కంటే చాలా ఎక్కువ ధర పెట్టి తెప్పించుకున్నాను. డబ్బు నష్టపోవడం ఒక ఎత్తు, నెలల తరబడి మాగబెట్టిన ఎరువు మొక్కలకు పనికిరాకుండా పోవడం మరో ఎత్తు. విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే రకమైన ముద్రతో అమ్ముడవుతున్న సంచులు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఒక పేరు తెలుసుకోవడం కంటే ప్యాకెట్టు మీద ఏం చూడాలో తెలుసుకోవడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

వంటింటి చెత్తను సంచితో సహా కంపోస్టు డబ్బాలో వేయవచ్చని ప్యాకెట్టు మీద స్పష్టంగా రాసి ఉంది. అందులో చెప్పినట్లే వేశాను. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, ఎండుటాకులు అన్నీ చక్కగా మాగి, నల్లబడి, తడి మట్టి వాసన రావడం మొదలయ్యాక జల్లెడ పట్టాను. సంచి కుళ్లలేదు, చిరిగింది అంతే. జల్లెడ మీద గోరంత వెడల్పున్న ఆకుపచ్చ పొరలు మిగిలాయి. వేళ్ల మధ్య నలిపితే పొడి కావలసింది పోయి మామూలు పాలిథీన్ లాగే సాగాయి. మూతి దగ్గర వేసిన ముడి వేసినట్టే ఉంది. జల్లెడ మీద మిగిలినవాటిని ఏరి పారేయవచ్చు, కానీ అంతకంటే చిన్న ముక్కలు ఎరువుతో పాటు కిందికి దిగిపోయాయి. గుప్పెడు ఎరువు తీసి వెలుతురులో చూస్తే అవి అక్కడక్కడా మెరుస్తున్నాయి, వాటిని ఏరడం ఎవరి వల్లా కాదు. ఆ ఎరువును కుండీల్లో వేస్తే ప్లాస్టిక్‌ను స్వయంగా మట్టిలో కలిపినట్లే.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మోసం ఎక్కడ ఉందో అర్థమవుతుంది. ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు తిని కార్బన్ డయాక్సైడ్, నీరు, జీవద్రవ్యంగా మార్చగలిగితే అది బయోడీగ్రేడబుల్. ఎంత కాలంలో మారుతుంది, ఎంత వేడి కావాలి, మట్టిలోనా నీటిలోనా అన్న విషయాలేవీ ఆ ఒక్క మాటలో లేవు. పైగా ‘ఆక్సో బయోడీగ్రేడబుల్’ పేరుతో వచ్చే సంచులు అసలు పాలిథీనే. అందులో కోబాల్ట్, మాంగనీస్, ఇనుము వంటి లోహాల లవణాలను కొద్దిగా కలుపుతారు. ఎండ, వేడి, ఆక్సిజన్ తగిలినప్పుడు ఆ లవణాలు ప్లాస్టిక్ అణువుల గొలుసులను తెంపడం వల్ల సంచి పెళుసుబారి ముక్కలవుతుంది. కంటికి కనిపించకుండా పోవడం వేరు, సూక్ష్మజీవులకు ఆహారమై పూర్తిగా మారిపోవడం వేరు. ఇలాంటి ప్లాస్టిక్‌తో చేసిన వస్తువులను మార్కెట్లోకి తేవడాన్ని యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన చట్టం ద్వారా నిషేధించింది. 2021 జూలై 3 నుంచి ఆ నిషేధం అమలులో ఉంది.

బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇమోజెన్ నాపర్, రిచర్డ్ థాంప్సన్ 2019లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. రకరకాల సంచులను మట్టిలో పాతిపెట్టి, సముద్రంలో ముంచి, ఆరుబయట గాలికి వేలాడదీసి వారు పరిశీలించారు. మట్టిలోనూ సముద్రంలోనూ మూడేళ్లు ఉన్న తర్వాత కూడా ‘బయోడీగ్రేడబుల్’ సంచి నిండా సరుకులు వేసి మోయగలిగినంత గట్టిగా ఉంది. కంపోస్టబుల్, అంటే కంపోస్టులో కుళ్లి ఎరువైపోతుందన్న సంచి సముద్రంలో మూడు నెలల్లోనే కనిపించకుండా పోయినా, మట్టిలో 27 నెలల తర్వాత కూడా కనిపించింది, కాకపోతే బరువు ఆపలేక చిరిగిపోయింది.

అందుకని కొనేటప్పుడు చూడవలసింది ప్రమాణం నంబరు. కంపోస్టబుల్ ప్లాస్టిక్‌కు అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17088, యూరప్‌లో ఈఎన్ 13432, అమెరికాలో ఏఎస్‌టీఎం డీ6400 అనే ప్రమాణాలు ఉన్నాయి. ఈఎన్ 13432 ప్రకారం ఆరు నెలల లోపు పదార్థంలో 90 శాతం సూక్ష్మజీవుల వల్ల కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి, 12 వారాల కంపోస్టింగ్ తర్వాత రెండు మిల్లీమీటర్ల జల్లెడ పడితే పైన పది శాతానికి మించి మిగలకూడదు. భార లోహాలకు పరిమితులు ఉన్నాయి, తయారైన ఎరువులో మొక్క సరిగా పెరుగుతుందో లేదో కూడా చూస్తారు. ఇక్కడ మరో మెలిక ఉంది. ఈ పరీక్షలు పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఉండే వేడిని, అంటే సుమారు 58 డిగ్రీల సెల్సియస్‌ను, దృష్టిలో పెట్టుకుని చేసేవి. మన ఇంటి డబ్బా అంత వేడెక్కి, ఆ వేడిని వారాల తరబడి నిలుపుకోవడం అరుదు. ఇంటి కంపోస్టుకు ఆస్ట్రేలియాలో ఏఎస్ 5810, ఫ్రాన్స్‌లో ఎన్ఎఫ్ టీ51-800 వంటి ప్రమాణాలు విడిగా ఉన్నాయి, వాటిలో పరీక్షలు గది వేడికి దగ్గరగా జరుగుతాయి. కాబట్టి నిజాయితీగా ధ్రువీకరణ పొందిన సంచి అయినా, ఇంటి కంపోస్టుకు పనికొస్తుందని విడిగా చెప్పకపోతే దాన్ని డబ్బాలో వేయకండి.

ధ్రువపత్రం చూపమని ఆ విక్రేతను అడిగాను. పంపింది చూశాక ఇది అందరికీ చెప్పాల్సిన విషయం అనిపించింది. అది ఐఎస్ఓ 9001 ధ్రువపత్రం. ఒక సంస్థ తన పనిలో నాణ్యతను నిర్వహించే పద్ధతికి ఇచ్చేదే తప్ప, అక్కడ తయారైన సంచి కుళ్లుతుందని చెప్పేది కాదు. ఐఎస్ఓ 14001 అయినా అంతే, అది పర్యావరణ నిర్వహణ పద్ధతికి సంబంధించినది. ఐఎస్ఓ అన్న అక్షరాలు, ఒక గుండ్రని ముద్ర కనిపించగానే చాలామంది తృప్తిపడతారని అమ్మేవారికి బాగా తెలుసు. ఇదే మాట తిరిగి రాస్తే, సంచి కరగాలంటే ముందు ఎండలో ఉంచాలన్న జవాబు వచ్చింది, ప్యాకెట్టు మీద అటువంటి సూచన ఒక్కటీ లేదు. ప్యాకెట్టు తెరిచారు కాబట్టి డబ్బు వాపసు కుదరదన్నారు, తెరవకుండా సంచిని వాడి చూడటం ఎలాగో చెప్పలేదు. సరైన ధ్రువపత్రంలో తయారీదారు పేరు, ఆ ఉత్పత్తి పేరు, ప్రమాణం నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లో దాని నంబరు వెతికితే వివరాలు కనిపించాలి.

ఇప్పటికే కొన్నవారు ఇంట్లో చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. సంచి నుంచి ఒక చిన్న ముక్క కత్తిరించి, గ్లాసు నీటిలో ఒక చుక్క సబ్బు నీరు కలిపి, గాలి బుడగలు అంటకుండా ముక్కను వేలితో లోపలికి నొక్కి వదలండి. పాలిథీన్ నీటికంటే తేలిక, తేలుతుంది. పీఎల్ఏ, పీబీఏటీ అనే కుళ్లే రకం ప్లాస్టిక్‌లు, పిండి పదార్థం కలిపి చేసే కంపోస్టబుల్ పొరలు నీటికంటే బరువు, మునుగుతాయి. ముక్క తేలిందంటే గట్టిగా అనుమానించవచ్చు. మునిగినంత మాత్రాన మంచిదని కాదు, ఎందుకంటే పాలిథీన్‌లో సుద్దపొడి ఎక్కువగా కలిపినా మునుగుతుంది. నేను కొన్న సంచి ముక్క నొక్కిన ప్రతిసారీ పైకి లేచింది.

ఇలాంటి సంచులను ప్లాస్టిక్ రీసైక్లింగ్‌కు ఇచ్చే పొడి చెత్తలోనూ వేయకూడదు. లోహ లవణాలు కలిపిన పాలిథీన్ తిరిగి వాడే ప్లాస్టిక్‌ను బలహీనపరచవచ్చు. నిజమైన పీఎల్ఏ అయినా నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌లో కలిస్తే నష్టమే. రెండూ నీటిలో మునిగేవే కాబట్టి తేల్చి వేరుచేయడం కుదరదు, పైగా పీఎల్ఏ కరిగే వేడి చాలా తక్కువ కావడంతో పెట్ కరిగించే వేడికి అది పాడైపోతుంది. బాణాలతో చేసిన త్రికోణంలో అంకె ఉన్న గుర్తును చూసి రీసైకిల్ అవుతుందని అనుకోవడం కూడా సరికాదు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన ఆ అంకెలు ఏ రకం ప్లాస్టికో మాత్రమే చెబుతాయి. బాణాల వల్ల జనం పొరబడుతున్నారనే 2013లో వాటి స్థానంలో మామూలు త్రికోణాన్ని పెట్టారు, అయినా పాత గుర్తే చాలా ప్యాకెట్ల మీద ఇంకా ఉంది.

తడి చెత్తకు నా మట్టుకు నేను సంచే మానేశాను. డబ్బా అడుగున పాత వార్తాపత్రిక రెండు మడతలు వేస్తే తేమ పీల్చుకుంటుంది, కాగితం చెత్తతో పాటే మాగిపోతుంది. మెరుపు పూత ఉన్న పత్రికల కాగితం మాత్రం వాడవద్దు. మిగిలిపోయిన సంచులను రీసైకిల్ కాని చెత్తకే వాడుతున్నాను, పాడైన ఎరువును కూడా దానితోనే పంపాను.

ఇప్పటికే మోసపోయినవారు ప్యాకెట్టు రెండు వైపులా ఫోటో, బిల్లు, అమ్మకపు పేజీ స్క్రీన్‌షాట్ భద్రపరచుకోండి, విక్రేతతో సంభాషణ అంతా రాతపూర్వకంగానే జరపండి. కంపోస్టు డబ్బాలో వేయవచ్చన్న వాక్యం నా ఫిర్యాదు తర్వాత ఆ విక్రేత పేజీలో నుంచి మాయమైంది. ముందే తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్ ఉండబట్టే ఫిర్యాదును కొట్టివేయలేకపోయారు, అది ఇంకా విచారణలో ఉంది.