అలాస్కా క్రూజ్ మధ్యలో దిగిపోయాను: కెచికాన్ రేవు నుంచి ఆసుపత్రి దాకా

మార్జరీ గ్లేసియర్ అనే హిమానీనదం ముందు ఓడ దాదాపు ఆగినట్టే ఉంది. డెక్ మీద జనమంతా రెయిలింగ్ పట్టుకుని, మంచు పెళ్ల ఎప్పుడు విరిగి పడుతుందా అని చూస్తున్నారు. సుమారు మైలు వెడల్పున నీలంగా మెరిసే గోడ అది. మా చిన్నవాడు చలికి నా జాకెట్ జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. అదే జేబులో ఫోన్ వణికింది. అక్క దగ్గర్నుంచి మెసేజ్. నాన్నకి గుండెపోటు వచ్చింది, ఐసీయూలో ఉన్నారు, వీలైనంత త్వరగా ఫోన్ చెయ్యమని.

"నాన్నా, పడింది, పడింది!" అని వాడు అరిచేసరికి నేను మెట్లు దిగుతున్నాను.

సియాటిల్‌లో ఎక్కి మళ్లీ సియాటిల్‌లోనే దిగే ఏడు రాత్రుల క్రూజ్ మాది. అప్పటికి అలాస్కా రేవుల్లో జూనో, స్కాగ్వే అయిపోయాయి. ఐదో రోజు గ్లేసియర్ బే అనే జాతీయ పార్కు, ఆ మంచు గోడ ఉన్నది అక్కడే. ఆ తర్వాత కెచికాన్, చివర్లో కెనడాలోని విక్టోరియా. గ్లేసియర్ బేలో ఓడ ఎక్కడా రేవుకి ఆగదు. పార్కు రేంజర్లు పడవలో వచ్చి ఎక్కుతారు, మైకులో ఆ చోటి గురించి చెప్తారు, సాయంత్రం అదే పడవలో దిగిపోతారు. ఆ రోజంతా మనం నీళ్ల మీదే. దగ్గర్లో గుస్తేవస్ అనే ఊళ్లో చిన్న విమానాశ్రయం ఉందని మ్యాప్‌లో చూశాను. రేంజర్ల పడవలో నన్ను కూడా దించగలరా అని అడిగాను. కుదరదన్నారు. హెలికాప్టర్ మాట కూడా అడిగేశాను. ఓడలో ఉన్న మనిషికి ప్రాణం మీదకి వస్తేనే అది, ఇంటి దగ్గరి వాళ్ల కోసం రాదన్నారు. కాబట్టి మర్నాడు పొద్దున కెచికాన్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ రాత్రి చాలా పొడుగ్గా గడిచింది.

ఓడలో ఇంటర్నెట్ ఉపగ్రహం ద్వారా వస్తుంది. రెండు పక్కలా కొండలున్న ఇరుకైన సముద్రపు పాయలో, అంటే ఫియార్డ్‌లో, అది నిమిషానికోసారి తెగిపోయేది. డబ్బు పోసి కొన్న ప్యాకేజీ మెసేజ్‌లకి పనికొచ్చింది కానీ మాటకి కాదు. డాక్టర్ చెప్పిన సంగతి అక్క నాకు చెప్తుంటే సగం మాటలు తెగిపోయేవి. "స్టెంట్" అన్న ఒక్క మాట వినపడి, ముందూ వెనకా ఏమీ వినపడకపోతే ఎంత టెన్షన్‌గా ఉంటుందో! చివరికి గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయి నా మొహం చూసి, లోపలి గదిలోకి తీసుకెళ్లి ఓడ ఫోన్ ఇచ్చింది. తలుపు దగ్గరగా వేసి బయట నిలబడింది. ఆ క్రూజ్‌లో నాకు అందిన సేవలన్నిటిలో ఆ పది నిమిషాలే పెద్దవి. దానికి బిల్లు కూడా వెయ్యలేదు.

మధ్యలో దిగడం అంటే బ్యాగు సర్దుకుని నడిచి వెళ్లిపోవడమే అనుకున్నాను. కాదు. అమెరికాలో 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది. విదేశీ జెండాతో, అంటే వేరే దేశంలో రిజిస్టరై నడిచే ఓడ, అమెరికాలో ఒక రేవులో ఎక్కించుకున్న మనిషిని ఇంకో అమెరికా రేవులో దించేసి వెళ్లిపోకూడదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. బయల్దేరిన రేవుకే తిరిగొచ్చినా మధ్యలో ఒక విదేశీ రేవులో ఆగాల్సిందే, సియాటిల్ నుంచి వెళ్లే అలాస్కా క్రూజ్‌లు విక్టోరియాలో కాసేపైనా ఆగేది అందుకే. నేను సియాటిల్‌లో ఎక్కి కెచికాన్‌లో దిగితే జరిమానా ఓడకి పడుతుంది, ఓడ దాన్ని ప్రయాణికుడి ఖాతాలో వేస్తుంది. ఎమర్జెన్సీ అని ఓడ వాళ్లే కస్టమ్స్ అధికారులకు రాశారు. అక్క పంపిన ఆసుపత్రి కాగితం ఫొటో దానికి జత చేశారు. నా దాకా జరిమానా రాలేదు. అదే కెనడాలోని వ్యాంకూవర్‌లో ఎక్కి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. టికెట్ కొనేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు.

అందరం దిగాలా, నేనొక్కణ్ణే దిగాలా అన్నదాని మీద మా ఆవిడతో రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం. "పిల్లల్ని ఆ పరుగుల్లో తిప్పద్దు. మీరు వెళ్లండి, నేను చూసుకుంటాను" అంది. ఆ మాట అన్నాక కూడా కాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత పనులు గుర్తొచ్చాయి. క్యాబిన్ ఖర్చంతా నా కార్డు మీద ఉంది, దాన్ని ఆవిడ కార్డుకి మార్పించాం. లాకర్ నంబర్ నాకొక్కడికే తెలుసు, చెప్పాను. విక్టోరియా కెనడాది కాబట్టి, పిల్లలు ఒక్క తల్లితోనే వెళ్తున్నప్పుడు తండ్రి సమ్మతి పత్రం దగ్గర ఉండడం మంచిదని కౌంటర్ అమ్మాయే గుర్తుచేసింది. తెల్ల కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నా పాస్‌పోర్ట్ కాపీ జత చేసి ఇచ్చాను. పెన్ను పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే మా పెద్దది కాగితం కదలకుండా పట్టుకుంది.

కెచికాన్‌లో వాన. ఆ ఊళ్లో ఎప్పుడూ వానేనని అంటారు, అమెరికాలో బాగా వానలు పడే ఊళ్లలో అదొకటి. ఓడ దిగే దారి, అదే గ్యాంగ్‌వే, తెరవగానే అందరికంటే ముందు నన్ను దింపారు. కీ కార్డు స్కాన్ చేసినప్పుడు వచ్చే ఆ "టింగ్" ఈసారి వేరేగా వినపడింది, మళ్లీ ఎక్కను కాబట్టి. కింద, ఓడ వాళ్ల తరఫున రేవులో పనులు చూసే పోర్ట్ ఏజెంట్ గొడుగుతో నిలబడి ఉన్నాడు. సూట్‌కేసు తనే కార్లో పెట్టాడు.

ఇక్కడ ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. కెచికాన్ విమానాశ్రయం ఊళ్లో లేదు, ఎదురుగా ఉన్న గ్రవీనా దీవి మీద ఉంది. వంతెన కడతామని ఒకప్పుడు పెద్ద చర్చ జరిగి, 2007లో ఆ ప్రతిపాదన ఆగిపోయింది. ఫెర్రీ ఎక్కి టాంగస్ నేరోస్ అనే జలసంధి దాటాలి. దాటడానికి పట్టేది కొద్ది నిమిషాలే కానీ, ఊళ్లోంచి ఫెర్రీ దగ్గరికి వెళ్లడం, దాని కోసం ఆగడం, మళ్లీ అవతల చెకింగ్, అన్నీ కలిస్తే టైమ్ కరిగిపోతుంది. ఏజెంట్ లేకపోతే నేను విమానం అందుకునేవాణ్ణి కాదు. సియాటిల్‌కి సుమారు రెండు గంటల ప్రయాణం. అక్కడ తర్వాతి విమానానికి ఏడు గంటలుంటే, విమానాశ్రయం పక్కనే ఒక హోటల్లో పగటి గది తీసుకున్నాను. గది మామూలుది, కిటికీలోంచి పార్కింగ్ తప్ప ఏమీ కనపడదు. కానీ ఫోన్ తెగకుండా మాట్లాడగలిగాను, నాన్న గొంతు విన్నాను. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

ఆ ఏడు గంటల్లో మిగతా రేవుల గురించి కూడా ఆలోచించాను. జూనోలో ఉండగా ఈ కబురు వచ్చి ఉంటే తేలిక. అలాస్కా రాజధాని అయినా ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, విమానమో ఓడో ఎక్కాలి. అయితే విమానాశ్రయం ఊరికి దగ్గరే, సియాటిల్‌కి నేరుగా విమానాలున్నాయి. మేము మెండెన్‌హాల్ గ్లేసియర్ చూడ్డానికి వెళ్లినప్పుడు విమానాలు దిగడం చూశాం కూడా. స్కాగ్వేలో అయితే కష్టం. 1900లో పూర్తయిన వైట్ పాస్ రైలు, ఆ లోయలు, చెక్క వంతెనలు, మా ట్రిప్పు మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు అదే. కానీ అక్కణ్ణుంచి త్వరగా బయటపడాలంటే చిన్న విమానంలో జూనో వెళ్లాలి, వాతావరణం బాగుంటేనే. రోడ్డు మీద వెళ్తే సరిహద్దు దాటి కెనడాలోని వైట్‌హార్స్ చేరాలి, దానికి కెనడా ప్రవేశానికి కావాల్సిన కాగితాలుండాలి. మళ్లీ వెళ్తే రేవు రేవుకీ పక్కన విమానాశ్రయం పేరు రాసుకునే ఎక్కుతాను.

ఇన్సూరెన్స్ సంగతి. మాది ట్రిప్ ఇంటరప్షన్, అంటే ప్రయాణం మధ్యలో ఆపేయాల్సి వస్తే ఖర్చు ఇచ్చే సదుపాయం ఉన్న పాలసీ. ఇంటి దగ్గర ఉన్న తండ్రికి జబ్బు చేసినా వర్తిస్తుంది, నిజమే. కానీ ఆయనకి ముందు నుంచీ ఉన్న జబ్బుల్ని కూడా వాళ్లు చూస్తారని నాకు తెలీదు. ప్రయాణం చేసేది నేను, ఆయన బీపీ మందుల చీటీలు ఎందుకు అడుగుతున్నారని కోపం వచ్చింది. క్రూజ్‌కి మొదటి అడ్వాన్స్ కట్టిన కొద్ది రోజుల్లోనే పాలసీ తీసుకుంటే ముందున్న జబ్బుల షరతు సాధారణంగా ఎత్తేస్తారు. మా ఆవిడ పట్టుబట్టి అలా తీసుకోబట్టి బయటపడ్డాం. వైద్యం చేసిన డాక్టర్ రాసిచ్చిన ఉత్తరం, ఓడ ఇచ్చిన "ఫలానా రోజు ఫలానా రేవులో దిగారు" అన్న కాగితం, ఈ రెండూ లేకపోతే క్లెయిమ్ కదిలేది కాదు. ఓడ కాగితాన్ని దిగే హడావిడిలో మర్చిపోయాను, మా ఆవిడ చివరి రోజు అడిగి తెచ్చింది. విమానం ఖర్చు, వాడుకోని రాత్రుల్లో నా వాటా వచ్చాయి. హోటల్ గదికి ఇవ్వలేదు.

నేను వెళ్లేసరికి నాన్నని ఐసీయూ నుంచి వార్డుకి మార్చారు. సూట్‌కేసు మంచం పక్కన పెట్టి కూర్చున్నాను. దాని హ్యాండిల్‌కి ఓడ ట్యాగు ఇంకా వేలాడుతోంది. నాన్న దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "పిల్లలేరి రా?" అన్నారు. ఇంకా ఓడలోనే ఉన్నారని చెప్పాను. మా ఆవిడకి వీడియో కాల్ చేశాను. విక్టోరియా రేవు దగ్గర నిలబడి ఉన్నారు ముగ్గురూ. చిన్నవాడు ఫోన్ లాక్కుని, నేను మెట్లు దిగుతున్నప్పుడు విరిగిపడిన మంచు పెళ్ల ఎంత పెద్దదో తాతకి రెండు చేతులూ చాపి చూపించాడు.