మెక్సికో నగరంలో చదువు, భోజనం బాగున్నాయి. అద్దె గది మాత్రం ముంచింది

మెక్సికో నగరంలో ఒక ఇంటి యజమానురాలు మాకు తిరిగి ఇవ్వవలసిన 8,400 పెసోలు ఈనాటికీ ఇవ్వలేదు. అప్పటి మారకం ప్రకారం అది దాదాపు 41,000 రూపాయలు. హైదరాబాదులో స్పానిష్ చదువుకున్న నేనూ, గుంటూరుకు చెందిన నా స్నేహితురాలూ కలిసి, అక్కడివారు ‘ఉనామ్’ అని పిలిచే మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం విదేశీయులకోసం నడిపే భాషాకేంద్రంలో కోర్సు చేయడానికి వెళ్ళాము. అక్కడికి వెళ్ళాలనుకునే మనవాళ్ళకు చదువుకన్నా ముందు గది సంగతి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ఆ నగరంలో పూర్తి ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే, అదే నగరంలో సొంత ఆస్తి ఉన్న వ్యక్తి ఎవరైనా హామీదారుగా సంతకం పెట్టాలని చాలామంది యజమానులు పట్టుబడతారు. నిన్న విమానం దిగిన విద్యార్థికి అటువంటి చుట్టం ఎక్కడ దొరుకుతాడు? అందుకే చాలామంది విదేశీ విద్యార్థులు విశ్వవిద్యాలయం పక్కనున్న కొపిల్కో ప్రాంతంలో విడిగదులకోసం వెతుకుతారు. ఆ అవసరం తెలిసిన యజమానులు కొందరు ఒప్పందపత్రం ఊసెత్తకుండా నగదు అడుగుతారు. మా యజమానురాలు ఇద్దరికీ కలిపి నెలకు 8,400 పెసోల అద్దె, అంతే మొత్తం అడ్వాన్సు తీసుకుంది. నీరు, గ్యాసు, ఇంటర్నెట్ అన్నీ అందులోనే అని ప్రకటనలో ఉంది. రెండో వారంలో గ్యాసు ధర పెరిగిందని 350 పెసోలు, కుళాయి నీరు రాక ట్యాంకరు తెప్పించినందుకు 400 పెసోలు వసూలు చేసింది. రసీదు అడిగితే, తన మాట మీద నమ్మకం లేదా అని నొచ్చుకున్నట్టు ముఖం పెట్టింది. నా స్నేహితురాలు ఆ ముఖం చూసి ప్రతిసారీ కరిగిపోయేది, నేను గదిలోకి వచ్చి ఆమెమీద విసుక్కునేదాన్ని, ఆ సాయంత్రాలు ఇద్దరమూ మాట్లాడుకోకుండానే గడిచేవి. ఖాళీ చేసేనాడు గోడమీద మేకు గుర్తు చూపించి, గదంతా మళ్ళీ రంగు వేయించాలంటూ అడ్వాన్సు మొత్తం ఉంచేసుకుంది. ఆ మేకు మేము రాకముందునుంచీ ఉన్నదే. మొదటిరోజు మేము తీసిన ఫోటోలో కనిపిస్తూనే ఉంది. ఫోటో చూపిస్తే ఆవిడ కళ్ళద్దాలు లేవంది.

కాబట్టి ఇండియానుంచే డబ్బు పంపి గది ఖాయం చేసుకోవద్దు. మొదటి వారం విశ్వవిద్యాలయానికి దగ్గరలోని కోయొవకాన్ ప్రాంతంలో ఏదైనా హాస్టల్లో దిగి, నడిచి తిరిగి గదులు చూసి, నెలనెలా సంతకం చేసిన రసీదు ఇస్తామన్నవారి దగ్గరే చేరాలి. అందమైన కాఫీ హోటళ్ళు చూసి రోమా, కొండేసా ప్రాంతాలవైపు మొగ్గేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: ఆ రెండూ పాత సరస్సు అడుగున పేరుకున్న మెత్తని మట్టిమీద ఉన్నాయి, 1985లోనూ 2017లోనూ వచ్చిన భూకంపాలకు బాగా దెబ్బతిన్నాయి. విశ్వవిద్యాలయం ఉన్నది గడ్డకట్టిన లావా నేలమీద. అక్కడ కుదుపు తక్కువ, అద్దె కూడా తక్కువ.

తరగతుల గురించి ఫిర్యాదు లేదు. వీసా కూడా ఇబ్బంది పెట్టలేదు: మా ఇద్దరికీ చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉండడంవల్ల మెక్సికో వీసా విడిగా అక్కరలేకపోయింది. అయితే ఎన్ని రోజులు ఉండనివ్వాలన్నది విమానాశ్రయంలో అధికారి నిర్ణయిస్తాడు గనుక కోర్సు ప్రవేశపత్రం చేతిలో ఉండాలి. 180 రోజులు మించిన చదువుకైతే విద్యార్థి వీసా ముందే తీసుకుని, దిగిన 30 రోజులలోగా అక్కడ నివాసకార్డుకు దరఖాస్తు చేసుకోవలసిందే. ఎన్నిసార్లు రైలు మారినా మెట్రో ఛార్జీ 5 పెసోలే, ప్రాంగణంలో తిరిగే పూమా బస్సు ఉచితం. నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి కొద్దిరోజులు మెట్రో మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది, కంగారు పడనక్కరలేదు. హువాన్ ఓగోర్మన్ అనే కళాకారుడు దేశం నలుమూలలనుంచి రాళ్ళు తెప్పించి, వాటి సహజమైన రంగులతో నాలుగు గోడలూ చిత్రించిన కేంద్ర గ్రంథాలయాన్ని చూడడానికి మాత్రం తరగతి ఒకటి ఎగ్గొట్టినా తప్పులేదు.

పోయిన డబ్బు బాధను కాస్తయినా మరిపించింది కొపిల్కో మెట్రో దగ్గరి ఒక చిన్న పూటకూళ్ళ హోటలు. సూపు, అన్నం, కూర, టోర్టిల్లాలనే మొక్కజొన్న రొట్టెలు, ఒక గ్లాసు పండ్లరసం కలిపి 80 పెసోలు. నా స్నేహితురాలు శాకాహారి. అక్కడ కూర ఒక్కటే చూసుకుంటే సరిపోదు, ఎందుకంటే అన్నాన్ని కోడి పులుసులోనూ, చిక్కుడుగింజలను పంది కొవ్వులోనూ వండడం మామూలు. మొదటి రెండు రోజులు ఆమె టోర్టిల్లాలు, ఉప్పు తిని ఏడుపుముఖంతో కూర్చోవడం చూసి, హోటలు నడిపే పెద్దావిడ మూడోనాటినుంచి ఆమెకోసం చిన్న గిన్నెలో విడిగా అన్నం వండి, నోపాల్ అనే నాగజెముడు జాతి ఆకును ఉల్లిపాయ, పచ్చిమిరపతో వేయించి పెట్టసాగింది. పైసా ఎక్కువ తీసుకోలేదు. అక్కడ ఇచ్చే ‘హమైకా’ అనే ఎర్రని పులుపు పానీయం మన ఎర్ర గోంగూర పువ్వు రక్షకపత్రాలతో చేసిందేనని నా స్నేహితురాలు మొదటి గుక్కకే కనిపెట్టింది. కోయొవకాన్ సంతలో ఆ ఎండు పువ్వులు పావుకిలో 60 పెసోలకు కొని, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పచ్చడి నూరి, ఒక సీసా ఆ పెద్దావిడకు ఇచ్చింది. ఆవిడ దాన్ని టాకోల మీద వేసుకుని తిని, ఇంకా కారం ఉండాలంది. గుంటూరు మనిషికి అంతకన్నా అవమానం లేదు. మర్నాడే రెండింతల కారంతో మరో సీసా తయారైంది.

ఆ హోటలుకు బోర్డు లేదు. మెట్రో దిగి విశ్వవిద్యాలయంవైపు వెళ్ళే సందులో, జిరాక్సు దుకాణాల వరుస అయిపోయినచోట నీలం తలుపు ఉంటుంది. నగదే తీసుకుంటారు. స్థానికులు భోజనానికి రెండు గంటల తరవాతే వస్తారు గనుక ఒకటిన్నరకల్లా వెళితే చోటు దొరుకుతుంది, మూడు దాటితే నోపాల్ కూర మిగలదు.