కీమో మధ్యలో అర్ధరాత్రి జ్వరం: దగ్గరి ఆసుపత్రా, క్యాన్సర్ ఆసుపత్రా?

రోగిది ఖమ్మం, కీమో హైదరాబాద్‌లో. మందు ఎక్కించిన పదో రోజు రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది, థర్మామీటరులో 101. ఇంట్లోవాళ్లకు మూడు ఆలోచనలు వస్తాయి: పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామా, కారు మాట్లాడుకుని హైదరాబాద్ వెళ్దామా, ఊళ్లోని పెద్దాసుపత్రికి పరుగెడదామా?

మొదటిది వద్దే వద్దు. కీమో తర్వాత సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. వాటిలో ఇన్ఫెక్షన్‌తో పోరాడే రకం, న్యూట్రోఫిల్స్, మైక్రోలీటరు రక్తంలో 500 కంటే తగ్గితే ఇన్ఫెక్షన్ ఉన్నచోట చీము పట్టకపోవచ్చు, ఎర్రబడకపోవచ్చు. చాలాసార్లు జ్వరం ఒక్కటే గుర్తు. మాత్ర ఆ గుర్తును కప్పేస్తుంది, ఇన్ఫెక్షన్ మాత్రం రక్తంలోకి పాకుతూనే ఉంటుంది. 100.4 చేరితే రాత్రయినా బయల్దేరాల్సిందే. ఆర్‌ఎంపీ చేత కండకు సూది వేయించడమూ ప్రమాదమే. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే లోపల రక్తస్రావం కావచ్చు.

హైదరాబాద్ వైపు మనసు లాగడం సహజం. అక్కడి డాక్టరుకు కేసంతా తెలుసు. కానీ దాదాపు 200 కిలోమీటర్ల దారిలో బీపీ పడిపోతే కారులో ఎవరు చూస్తారు? ఆసుపత్రి చేరిన గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ పడాలన్నది వైద్యుల నియమం. అంత విలువైన సమయాన్ని రోడ్డు మీద పోగొట్టుకోకూడదు.

అందుకే, ఐసీయూ ఉండి రాత్రంతా డాక్టరు అందుబాటులో ఉండే దగ్గరి ఆసుపత్రే మేలు. అయితే క్యాజువాల్టీలో ‘జ్వరం’ అని మాత్రమే చెబితే వైరల్ జ్వరాల వరుసలో కూర్చోబెడతారు. ‘కీమో ఎక్కి పది రోజులైంది, 101 జ్వరం, చలి’ అని గుమ్మంలోనే చెప్పండి, ఫైలు చేతికివ్వండి. బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్షకు) రక్తం తీశాక యాంటీబయాటిక్ మొదటి డోసు పడాలి. రిపోర్టు కోసం ఆగకూడదు. దారిలోనే క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేసి ఇక్కడి డాక్టరుతో మాట్లాడించండి. బీపీ కుదుటపడ్డాక, అవసరమైతే అంబులెన్సులో హైదరాబాద్ తరలించవచ్చు.

నడుం నొప్పితో కాళ్లు చచ్చుబడినా, మూత్రం ఆగిపోయినా లెక్క మారుతుంది. గడ్డ వెన్నుపామును నొక్కుతూ ఉండవచ్చు. ఎంఆర్‌ఐ, రేడియేషన్, ఆపరేషన్ మూడూ ఉన్న చోటికి అదే రాత్రి చేరాలి.

క్యాన్సర్ ఆసుపత్రి గంటలోపు దూరంలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. రాత్రి క్యాజువాల్టీ ఉందో లేదో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో మొదటి కీమో రోజే అడిగి, ఫైలు అట్ట మీద రాసుకోండి.