శంషాబాద్ నుంచి మధురపూడికి: హైదరాబాద్–రాజమండ్రి విమాన ప్రయాణంపై సమీక్ష

హైదరాబాద్‌లోని శంషాబాద్ విమానాశ్రయానికీ, రాజమండ్రి సమీపంలోని మధురపూడి విమానాశ్రయానికీ మధ్య గగనమార్గంలో దూరం సుమారు 360 కిలోమీటర్లు. విజయవాడ మీదుగా రోడ్డున వెళితే అది నాలుగు వందలు దాటుతుంది. టికెట్టు మీద ప్రయాణ సమయం గంటా పది నిమిషాలకు కాస్త అటూ ఇటూగా కనిపిస్తుంది. సేవ మంచిదే. అయితే ఆ గంటా పది నిమిషాలను చూసి కాక, ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా పట్టే సమయాన్ని లెక్కగట్టుకున్న తరువాతే దీన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం.

ఈ మార్గంలో సాధారణంగా తిరిగేది ఏటీఆర్ 72 అనే ప్రొపెల్లర్ విమానం. గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఈ విమానానికి 360 కిలోమీటర్లు ముప్పావు గంట పని. మిగిలిన సమయమంతా రన్‌వే చేరడానికీ, పైకి లేవడానికీ, వేగం తగ్గించుకుని దిగడానికీ పోతుంది. రెక్కలు కిటికీలకు పైన ఉండటం వల్ల కింది దృశ్యానికి అడ్డు తక్కువ. ఆకాశం తేటగా ఉన్న రోజున గోదావరినీ, దాని మీద వరుసగా ఉన్న వంతెనలనూ పైనుంచి చూడగలగడం ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఇక అసలు లెక్క చూద్దాం. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్ చేరడానికి ట్రాఫిక్‌ను బట్టి గంట నుంచి గంటన్నర పడుతుంది. చెక్-ఇన్, భద్రతా తనిఖీల కోసం మరో గంటన్నర చేతిలో ఉంచుకోవాలి. దిగిన తరువాత సామాను తీసుకుని ఊళ్లోకి చేరేసరికి మొత్తం ఐదు గంటలవుతుంది. వందేభారత్ రైలుకు సికింద్రాబాద్ నుంచి రాజమండ్రికి దాదాపు ఆరు గంటలు పడుతుంది కాబట్టి, స్టేషన్‌కు చేరే సమయం కూడా కలుపుకుంటే విమానం వల్ల మిగిలేది రెండు గంటలు మాత్రమే. రాత్రి లింగంపల్లిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారుజాముకే రాజమండ్రిలో ఉంటాము, పగలు వృథా కాదు. అమలాపురం వైపు వెళ్లేవారు దిగాక రోడ్డు మీద మరో రెండు గంటలు వేసుకోవాలి.

అయినా పొద్దున వెళ్లి పని చూసుకుని అదే రోజు తిరిగి రావలసినవారికీ, రాత్రంతా బెర్తు మీద పడుకోలేని పెద్దవారికీ, అత్యవసరంగా బయలుదేరవలసి వచ్చినవారికీ ఈ విమానం నిజంగా అక్కరకు వస్తుంది. పెద్దవారిని తీసుకువెళ్లేటప్పుడు ఒక విషయం గమనించాలి. ఏటీఆర్‌కు ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి నేరుగా విమానంలోకి నడిచి వెళ్లే వంతెన, ఉండదు. బస్సు దిగి వెనుక తలుపు నుంచి మెట్లెక్కవలసి ఉంటుంది కనుక, మోకాళ్ల నొప్పులున్నవారికి వీల్‌చైర్ సహాయాన్ని బుకింగ్ సమయంలోనే అడగటం మంచిది. చలికాలపు ఉదయాల్లో గోదావరి ప్రాంతంలో పొగమంచు కమ్మితే విమానాలు ఆలస్యమవుతాయి. ముహూర్తం చూసుకుని వెళ్లేవారు అటువంటి రోజుల్లో తొలి విమానం మీద ఆధారపడకపోవడమే మేలు.

సామాను విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఎకానమీ టికెట్టుకు సాధారణంగా 15 కిలోలే ఉచితం, చేతి సంచికి 7 కిలోలు. ఏటీఆర్‌లో పైఅరలు చిన్నవి కాబట్టి పెద్ద ట్రాలీ పట్టదు. తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీని చేతి సంచిలో కాక చెక్-ఇన్ సామానులో గట్టిగా చుట్టి పెట్టాలి. కోనసీమ నుంచి ఎండు కొబ్బరి తేవాలనుకుంటే మాత్రం రైలే దారి, ఎందుకంటే త్వరగా అంటుకునే గుణం వల్ల దాన్ని విమానంలోకి అనుమతించరు.