బ్లాక్ అండ్ వైట్ రీలు: ఎక్కడ కడిగించాలి, ఎవరిచేత ప్రింటు వేయించాలి?

రీలు కడగడం (మందుల్లో ముంచి ఫిల్ము మీద బొమ్మ తేల్చడం) ఒక పని, నెగటివ్ (వెలుగునీడలు తారుమారుగా పడిన ఫిల్ము) నుంచి కాగితం మీదికి బొమ్మ తేవడం ఇంకో పని. ల్యాబ్ ఎంచుకునేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడాలి. ప్రింటు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు, డెవలపర్‌లో (బొమ్మను తేల్చే మందులో) చెడిపోయిన నెగటివ్‌ను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

ముందు ఉన్నవి మూడు దారులు: మామూలు కలర్ ల్యాబ్, సొంత డార్క్‌రూమ్ (చీకటి గది) ఉన్న ల్యాబ్, ఇంట్లోనే కడుక్కుని ప్రింటుకు మాత్రం బయటికివ్వడం.

కలర్ ల్యాబ్‌లో మొదటి ప్రమాదం సీ-41 ప్రాసెస్, అంటే కలర్ ఫిల్ము కడిగే పద్ధతి. కలర్ ఫిల్ములో చివరికి మిగలాల్సింది రంగులు, అందుకే బ్లీచ్, ఫిక్సర్ అనే మందులు కలిసి వెండినంతా తీసేస్తాయి. హెచ్‌పీ5, ట్రై-ఎక్స్ లాంటి బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో ఆ వెండే బొమ్మ. వాటిని పొరపాటున అందులో వేస్తే ఖాళీ ఫిల్ము చేతికొస్తుంది. ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఒక్కటి వేరు, అది సీ-41 కోసమే తయారైంది, దానికి కలర్ ల్యాబే సరైన చోటు. ఇక ప్రింటు సంగతి: ఇక్కడ స్కాన్ చేసి కలర్ పేపర్ మీద వేస్తారు. మూడు రంగులు కలిసి బూడిద వర్ణం కావాలి కాబట్టి ఆకుపచ్చ ఛాయో గులాబీ ఛాయో తరచూ కనిపిస్తుంది. ఆల్బమ్‌కు చాలు, గోడకు తగిలించే ప్రింటుకు చాలదు.

డార్క్‌రూమ్ ల్యాబ్‌కు రీలు ఇచ్చేముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ డెవలపర్ వాడతారు? అన్ని ఫిల్ములకూ ఒకే సమయమా, దేనిది దానికేనా? 400 ఐఎస్ఓ (వెలుగును పట్టే వేగం) హెచ్‌పీ5ను 1600 వద్ద తీస్తే, నీళ్లు కలపని ఐడీ-11 అనే డెవలపర్‌లో ఏడున్నర నిమిషాల బదులు 14 నిమిషాలు పడుతుంది. ఆ మాట రీలు మీదే రాసివ్వాలి. రోలర్ల మెషీనైతే శుభ్రత గురించి గట్టిగా అడగండి. రోలర్‌కు అంటిన చిన్న ఇసుక రేణువు చాలు, రీలు పొడవునా గీత పడుతుంది. ఫిల్మును నిలువుగా వేలాడదీసి ముంచే పద్ధతిలో, చేతి ట్యాంకులో ఆ భయం తక్కువ.

'హ్యాండ్ ప్రింట్' అన్న మాటను కూడా తరచి చూడాలి. స్కాన్ నుంచి లేజర్‌తో వెండి లవణాల బ్లాక్ అండ్ వైట్ పేపర్ మీద వేసేవాళ్లున్నారు. అదీ మంచి ప్రింటే, కానీ ఎన్‌లార్జర్ (నెగటివ్ గుండా వెలుగు పంపి బొమ్మను పెద్దదిగా పేపర్ మీద పడేసే యంత్రం) ప్రింటు కాదు. "నెగటివ్ ఎన్‌లార్జర్‌లో పెడతారా?" అని సూటిగా అడగండి. చేత్తో వేసేవాళ్లు టెస్ట్ స్ట్రిప్ (వెలుగు ఎంతసేపు ఇవ్వాలో చూసే పేపర్ ముక్క) తీసి, నలుపు తెలుపుల తేడాను మార్చే 00 నుంచి 5 దాకా ఉన్న ఫిల్టర్లలో తగినది ఎంచుకుని, ముఖం దగ్గర వెలుగు ఆపి, ఆకాశానికి ఇంకొంచెం ఇస్తారు. మనం డబ్బు ఇచ్చేది ఈ చేతి నైపుణ్యానికే. ఫైబర్ పేపర్ (ప్లాస్టిక్ పూత లేని కాగితం) ధర ఎక్కువెందుకంటే, ఆర్‌సీ పేపర్ (ప్లాస్టిక్ పూత ఉన్నది) నుంచి 2 నిమిషాలు కడిగితే పోయే ఫిక్సర్, కడగడానికి తోడ్పడే ద్రావణమేదీ వాడకపోతే ఇక్కడ పోవడానికి దాదాపు గంట పడుతుంది. పైగా ఆరేటప్పుడు చుట్టుకుపోతుంది.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. 35 ఎంఎం ఫ్రేమ్ నిష్పత్తి 2:3. దాన్ని 8×10 అంగుళాల పేపర్ నిండా వేస్తే పొడవులో ఆరో వంతు తెగిపోతుంది. ఫ్రేమంతా కావాలంటే 6×9 బొమ్మ, చుట్టూ తెల్ల అంచు అని రాసివ్వండి. కాంటాక్ట్ షీట్‌కూ (రీలులోని ఫ్రేములన్నీ అసలు సైజులోనే ఒకే పేపర్ మీద వేసే ప్రింటు) ఇలాంటి లెక్కే: ఆరేసి ఫ్రేముల ఆరు ముక్కలు పక్కపక్కన 210 మిల్లీమీటర్లవుతాయి, 8 అంగుళాలు 203 మాత్రమే. ఐదేసి ఫ్రేముల ఏడు ముక్కలైతే సరిగ్గా పడతాయి.

ఇంట్లో కడగడానికి చీకటి గది అక్కర్లేదు, ఛేంజింగ్ బ్యాగ్ (వెలుగు చొరని, చేతులు పెట్టే సంచి), ట్యాంక్, థర్మామీటర్ చాలు. హెచ్‌పీ5కు 1+1 ఐడీ-11 (ఒక పాలు మందు, ఒక పాలు నీళ్లు), 20 డిగ్రీలు, 13 నిమిషాలు. తర్వాత స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే ద్రావణం), 1+4 ర్యాపిడ్ ఫిక్సర్‌లో 2 నుంచి 5 నిమిషాలు, ఆపైన నీళ్లు మారుస్తూ 5, 10, 20 సార్లు తిరగేయడం. తప్పులు ఎక్కువగా ఎక్కించేటప్పుడే జరుగుతాయి: ట్యాంకు లోపల ఫిల్మును చుట్టే ప్లాస్టిక్ రీల్‌కు తడి ఉంటే ఫిల్ము మధ్యలో ఇరుక్కుంటుంది, బలవంతంగా తోస్తే నెలవంక లాంటి మచ్చలు పడతాయి. డెవలపర్ పోశాక ట్యాంకును బల్లమీద తట్టకపోతే గాలి బుడగలు గుండ్రటి చుక్కలుగా మిగులుతాయి.

ఏది మేలు? నెలకు రెండు మూడు రీళ్లు తీసేవాళ్లు ఇంట్లో కడుక్కుని, ఎంచిన రెండు ఫ్రేములను డార్క్‌రూమ్ ల్యాబ్‌కు పంపడమే మేలు. ఎప్పుడో ఒకసారి తీసేవాళ్లకు రెండు పనులూ డార్క్‌రూమ్ ల్యాబ్‌కే అప్పజెప్పడం నయం, ఇంట్లో మందులు వాడకుండా సీసాల్లో పాతబడే బాధ ఉండదు. ఏ ల్యాబ్‌కైనా మొదట పోయినా ఫరవాలేదనుకునే రీలే ఇవ్వండి.

అది తిరిగొచ్చాక ఫిల్ము అంచున ఉన్న అంకెలు చూడండి. అంకెలు నల్లగా ఉండి ఫ్రేములు పలచగా ఉంటే వెలుగు తక్కువిచ్చింది కెమెరా. అంకెలూ వెలిసినట్టుంటే డెవలపర్‌లో తక్కువసేపు ఉంచారు, లేదా మందు అరిగిపోయింది. ఫిల్ము పాలరంగులో మసకగా ఉంటే ఫిక్సర్ చాలలేదన్నమాట, కొత్త ఫిక్సర్‌లో మళ్లీ ముంచి కడగమని వెనక్కివ్వండి. ఈ ఒక్క లోపం మాత్రం సరిదిద్దదగినది.