విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ: నలుగురిలో బయటకు తీయగలిగిన చాకు

జేబులో చాకు పెట్టుకుని తిరిగే అలవాటున్నవారు కొనేముందు ఉక్కు గురించి, పదును గురించి, పిడి గురించి ఎంతగానో ఆరా తీస్తారు గాని, దాన్ని నలుగురిలో తెరిచినప్పుడు పక్కవారి ముఖం ఎలా మారుతుందో అంతగా ఆలోచించరు. హైదరాబాద్‌లో ఆఫీసుకు, మాల్‌కు, పెళ్లిళ్లకు తిరిగే మనిషికి ఇదే అసలు పరీక్ష కనుక, విక్టోరినాక్స్ వారి క్లాసిక్ ఎస్‌డీని ప్రధానంగా ఈ కోణంలోనే పరిశీలిస్తున్నాను.

మూసినప్పుడు దీని పొడవు 58 మిల్లీమీటర్లు. తాళాల గుత్తికి తగిలిస్తే ఉన్నట్టే తెలియదు. చిన్న బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, దాని కొసనే స్క్రూడ్రైవరు, పట్టకారు, పళ్లపుల్ల, రింగు ఇందులో ఉంటాయి. 1884లో స్విట్జర్లాండ్‌లోని ఈబాఖ్‌లో కార్ల్ ఎల్సెనర్ నెలకొల్పిన ఈ సంస్థ 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు అందించింది. అంతటి సైనిక చరిత్ర ఉన్నా, ఎర్ర పిడిమీద తెల్ల శిలువతో ఉన్న ఈ వస్తువును చూస్తే ఎవరికీ ఆయుధమని తోచదు.

దీనికి ముందు నా దగ్గర నల్ల పిడితో, తెరవగానే లాక్ పడే మూడంగుళాల చాకు ఉండేది. మాదాపూర్ ఆఫీసులో ఒక పార్సిల్ టేపు కోయడానికి దాన్ని ఒంటిచేత్తో తెరిస్తే, ఆ ‘టక్’ శబ్దానికి పక్క సీటులోని కుర్రవాడు కుర్చీ వెనక్కి జరిపి, ‘ఏంటన్నా, ఎవరితోనైనా గొడవా?’ అని అడిగాడు. క్లాసిక్‌ను గోరుతో మెల్లగా, రెండు చేతులతో తెరవాలి. ఆ నిదానమే చూసేవారిని కలవరపెట్టదు. ఇప్పుడు అదే కుర్రవాడు చొక్కాకు వేలాడే దారం కత్తిరించుకోవడానికి దీన్ని అడిగి తీసుకుంటున్నాడు.

పెద్దవాళ్లతో ఈ ఇబ్బంది తక్కువ. పొగాకు తుంచుకోవడానికో, పండు కోసుకోవడానికో మొలలో చాకు పెట్టుకున్న తాతలను చూసిన తరం కాబట్టి వారికి ఇదేమీ వింత కాదు. ఒక పెళ్లిలో మా అత్తయ్యగారు కత్తెర తీసుకుని, మల్లెదండను మూరల చొప్పున కత్తిరించి పంచి, ‘ఇంత చిన్నదానికి ఇంత పదునా, బాబూ!’ అన్నారు. బ్లేడు కంటే ఆ కత్తెరే ఇందులో అసలు సరుకని నేనూ అంటాను.

కాపలా సిబ్బంది సంగతి వేరు. ఆయుధ నిబంధనల్లో కత్తుల విషయంలో చెప్పిన బ్లేడు కొలత తొమ్మిదంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు; ఇది దాని దరిదాపుల్లో కూడా లేదు. అయినా మాల్ గేటు దగ్గర కొలతల గురించి వాదించి ప్రయోజనం లేదు. ఒకచోట నన్ను చాకు కౌంటరులో ఉంచి లోపలికి వెళ్లమన్నారు, ఉంచాను. శంషాబాద్ నుంచి విమానం ఎక్కేవారు దీన్ని చేతిసంచిలో కాక, చెకిన్ సామానులో వేయాలి. ఉత్సవాలు, ఎన్నికల వేళ పోలీసు ఆంక్షలుంటే ఇంట్లో వదిలి వెళ్లడమే మేలు.

లోపాలు లేకపోలేదు. బ్లేడుకు లాక్ లేదు కనుక మొనతో గట్టిగా పొడిచే పనులకు వాడితే వేళ్లమీదికి మడుచుకుంటుంది. ఉక్కు మెత్తన కావడంతో అట్టపెట్టెలు కోస్తే పదును త్వరగా తగ్గుతుంది, అయితే సానరాయి మీద నాలుగు సార్లు రుద్దితే తిరిగి వస్తుంది. తాళాల రాపిడికి ప్లాస్టిక్ పిడి గీతలు పడుతుంది. పళ్లపుల్ల వదులై ఎక్కడో జారిపోతుంది. మామిడిపండు కోస్తే రసం కీళ్లలో ఎండి కత్తెర బిగుసుకుంటుంది కాబట్టి, వెంటనే గోరువెచ్చని నీటితో కడిగి, ఆరాక ఒక చుక్క నూనె వేయాలి. పండ్లు కోయడమే ముఖ్యమనుకునేవారికి ఇదే సంస్థవారి 91 మిల్లీమీటర్ల స్పార్టన్ మెరుగు, కాని భోజనాల గదిలో దాన్ని తెరిచినప్పుడు ఒకటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.