గ్రైండింగ్ కళ్లజోళ్లు కొంటున్నారా? ఆ కొట్టు గడప తొక్కకండి

వన్‌టౌన్‌లో సేఫ్టీ సామాను టోకున అమ్మే ఆ కొట్టు ఏదో ఆటోనగర్‌లో షెడ్డు ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కుర్రాళ్ల కోసం అక్కడే డజను జోళ్లు తీసుకున్నాను. "అసలైన పాలికార్బనేట్ అండీ, సుత్తితో కొట్టినా పగలదు" అన్నాడు కొట్టతను. పాలికార్బనేట్ అంటే దెబ్బకు తేలిగ్గా పగలని గట్టి ప్లాస్టిక్. అద్దం మూలన జెడ్87+ అని అమెరికా భద్రతా ప్రమాణం గుర్తు ఉంది. ఆ ప్లస్ ఉంటే గట్టి దెబ్బకు ఆగే రకమని లెక్క. అందుకే బేరం కూడా ఆడలేదు.

నిన్న మా కుర్రాడు నాలుగంగుళాల గ్రైండరుతో వెల్డింగు సాపు చేస్తుంటే పెసరగింజంత డిస్కు ముక్క ఎగిరివచ్చి తగిలింది. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే డిస్కు మరి. పాలికార్బనేట్ అయితే సొట్ట పడి ఊరుకునేది. ఇది మూడు ముక్కలై, ఒకటి కనుబొమ్మను కోసింది. కన్ను దక్కింది.

పగిలిన జోడు తీసుకెళ్లి బల్ల మీద పెడితే, ఫోనులోంచి తల ఎత్తకుండానే "థిన్నరుతో తుడిచి ఉంటారు" అన్నాడు. థిన్నరు తగిలితే పాలికార్బనేట్ బీటలు వారుతుందన్నది నిజమే. ఎంత చదువుకున్నాడో చూడండి! కానీ ఆ జోడు కవరు చింపింది నిన్న ఉదయమే. సరేనని అతని పెట్టెలోంచే కొత్తది తీసి అక్షరాల మీద గోరుతో గీకాను. జెడ్ ఊడి గోటికి అంటుకుంది, 87+ మిగిలింది. బొటనవేళ్లతో కాస్త వంచితే అద్దం టక్కున విరిగింది. పక్కన నలుగురు కొనుగోలుదారులు చూస్తూనే ఉన్నారు. అప్పుడన్నాడు మహానుభావుడు: "మీ వాడి కన్ను బాగానే ఉంది కదండీ, ఇంకెందుకు గొడవ? ఇప్పుడు విరిచారే, దాని డబ్బులు ఇచ్చి వెళ్లండి."

వసూలు చేశాడు కూడా. కన్ను పోయి ఉంటే ఎంత తగ్గించేవాడో అడగాల్సింది.

కొనేవాళ్లు చూసుకోండి: గుర్తు అద్దం మీదా ఫ్రేము మీదా చెరగకుండా ఉండాలి, పెట్టె మీద ఉన్నది లెక్కలోకి రాదు. ఐఎస్‌ఐ ముద్రయితే ఐఎస్ 5983 (కంటి రక్షణ సామాను భారత ప్రమాణం) ఉందేమో చూడండి. యూరప్ రకమైతే అద్దం మీద ఎఫ్ అంటే 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండు సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టినా ఆగుతుందని, బి అంటే 120 మీటర్లకూ ఆగుతుందని. ఆర్క్ వెల్డింగుకు మాత్రం ఇవి చాలవు, నల్లద్దం ఉన్న హెల్మెట్ ఉండాల్సిందే. తుడవడానికి కాటన్ వేస్టు వద్దు, అందులోని ఇనుపరజనే గీతలు పెడుతుంది. ముందు నీళ్లు పోసి, సబ్బుతో కడిగి, మెత్తటి బట్టతో అద్దండి. గీతలు పడితే మార్చేయండి.

బిల్లు మాత్రం వదలకండి. నాకిచ్చిన తెల్లకాగితం మీద కొట్టు పేరు కూడా లేదు.